సొరుగులో ఆగిపోయిన ఫోన్లు

అందరికీ నమస్కారం.

మీ ఇంట్లో ఒక సొరుగు ఉంటుంది. అందులో వాడని ఫోన్, ఏ ఫోన్‌దో గుర్తులేని ఛార్జర్, ఒక చెవికే వినిపించే ఇయర్‌ఫోన్స్, చిక్కుపడిన కేబుల్స్ ఉంటాయి. ఈ రోజు నేను మాట్లాడాలనుకున్నది ఆ సొరుగు గురించే.

ఈ-వ్యర్థాల, అంటే వాడకం అయిపోయిన ఎలక్ట్రానిక్ వస్తువుల, ప్రస్తావన రాగానే "జనానికి అవగాహన లేదు" అంటారు. చాలాకాలం నేనూ అలాగే అన్నాను. ఇప్పుడు అననని కచ్చితంగా చెప్తున్నాను. 2022లో యూరప్‌లోని కొన్ని దేశాల్లో ఇంటింటి సర్వే చేశారు. దీపాలు కాకుండా సగటున ఇంటికి 74 ఎలక్ట్రిక్, ఎలక్ట్రానిక్ వస్తువులున్నాయి. వాటిలో 13 ఊరికే పడి ఉన్నాయి. ఆ పదమూడులో తొమ్మిది పనిచేసేవే! ఎందుకు అట్టిపెట్టుకున్నారని అడిగితే 46 శాతం మంది చెప్పిన కారణం, ముందుముందు పనికొస్తుందేమోనని. ఎక్కడ ఇవ్వాలో తెలియదన్నవాళ్లు 7 శాతమే.

అంటే, తెలిసే ఆగిపోతున్నాం. "ఉండనీలే, ఎప్పటికైనా పనికొస్తుంది" అనుకుంటాం. ఆ మాట వెనక పొదుపు ఉంది, వస్తువు మీద గౌరవం ఉంది. దాన్ని తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. కానీ ఎలక్ట్రానిక్ వస్తువు ఇత్తడి బిందె లాంటిది కాదు. ఈ రోజు ఇస్తే ఇంకొకరు వాడుకోగల ఫోన్, నాలుగేళ్లు సొరుగులో పడుంటే బ్యాటరీ దెబ్బతింటుంది, అప్‌డేట్లు ఆగిపోతాయి. చివరికి అందులోని లోహమే మిగులుతుంది. దాచడం వల్లే దాని విలువ పోతుంది.

రెండో కారణం భయం. ఫోన్‌లో ఫొటోలు, బ్యాంకు వివరాలు, ఎవరికీ చూపించని మాటలు ఉంటాయి. ఈ టెన్షన్ న్యాయమైనదే. ఇప్పటి స్మార్ట్‌ఫోన్లలో డేటా ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది, అంటే తాళం వేసినట్టు ఇతరులు చదవలేని రూపంలో ఉంటుంది. ముందు మీ అకౌంట్ల నుంచి లాగౌట్ అయి, తర్వాత ఫ్యాక్టరీ రీసెట్ (ఫోన్‌ను కొత్తగా కొన్నప్పటి స్థితికి తెచ్చే సెట్టింగ్) చేస్తే ఆ డేటాను తెరిచే తాళంచెవి చెరిగిపోతుంది. మెమరీ కార్డు, సిమ్ తీసేయడం మర్చిపోకండి. పాత కంప్యూటర్ హార్డ్‌డిస్క్ సంగతి వేరు. ఫైళ్లు డిలీట్ చేస్తే సరిపోదు, డిస్క్ మొత్తాన్నీ తిరగరాసే సాఫ్ట్‌వేర్ వాడాలి. పాత ఫోన్లు సేకరించేవాళ్లు ఈ నాలుగు ముక్కలు సేకరణ పెట్టె మీదే రాసి పెడితే, పోస్టర్ల మీద భూగోళం బొమ్మ వేయడం కంటే ఎక్కువ ఉపయోగం.

మూడోది, నా దృష్టిలో అన్నిటికంటే పెద్దది, అపనమ్మకం. "ఇస్తే మాత్రం నిజంగా రీసైకిల్ చేస్తారా?" అని అడుగుతారు. అడగాల్సిందే. 2022లో ప్రపంచంలో 6.2 కోట్ల టన్నుల ఈ-వ్యర్థాలు పుట్టాయని ఐక్యరాజ్యసమితి సంస్థల నివేదిక చెప్పింది. అందులో పద్ధతిగా సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్కకు దొరికింది 22.3 శాతమే. ఈ-వ్యర్థాలు గుట్టలుగా చేరిన చోట్లుగా చైనాలోని గుయ్యూ, ఘనాలోని అగ్‌బోగ్‌బ్లోషీ పేర్లు వినే ఉంటారు. రాగి కోసం వైర్లు కాల్చారు, బంగారం కోసం సర్క్యూట్ బోర్డులను యాసిడ్‌లో ముంచారు. సీసం అక్కడి మట్టిలోకీ, పిల్లల ఒంట్లోకీ చేరింది. ఎవరో పారేసిన వస్తువుకు మూల్యం ఆ పిల్లలు చెల్లించారు. ఇది తలచుకున్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది.

నమ్మకం కుదిరితే జనం ఎలా స్పందిస్తారో జపాన్‌లో చూశాం. టోక్యో ఒలింపిక్స్ పతకాలను పాత పరికరాల్లోని లోహంతోనే చేస్తామని 2017లో సేకరణ మొదలుపెట్టారు. రెండేళ్లలో దాదాపు 62 లక్షల మొబైల్ ఫోన్లు, దాదాపు 79 వేల టన్నుల చిన్న పరికరాలు వచ్చాయి. వాటినుంచి 32 కిలోల బంగారం తీశారు. సుమారు 5,000 పతకాలకు కావలసిన లోహమంతా అలాగే వచ్చింది. తామిచ్చిన ఫోన్ ఏమవుతుందో వాళ్లకు ముందే తెలుసు. ఇచ్చే చోటు కూడా దగ్గర్లోనే ఉంది. మామూలు రోజుల్లో మన దగ్గర ఫోన్ తీసుకునేవాళ్లు ఆ తర్వాత ఏమైందో ఒక్క ముక్కైనా చెప్పరెందుకు? ఎన్ని కిలోలు తీసుకున్నారు, ఏ కేంద్రానికి పంపారు, ఏమేం వెలికి తీశారు అన్నది ప్రతి సేకరణ కేంద్రమూ బోర్డు మీద పెట్టాలని నేను గట్టిగా కోరుతున్నాను.

నా సొరుగులోనూ ఒక ఫోన్ ఉండేది. అందులో మా నాన్నగారి గొంతుతో కొన్ని వాయిస్ మెసేజ్‌లున్నాయి. ఆయన పోయాక ఆ ఫోన్ ఇవ్వబుద్ధి కాలేదు. పోయిన నెల అది ఆన్ కావడానికి మొరాయించింది. ఇంకొన్నాళ్లు ఆగితే ఆ గొంతే పోతుందని అప్పుడు తట్టింది. మర్నాడే ఆ మెసేజ్‌లన్నీ వేరే రెండు చోట్లకు కాపీ చేసుకున్నాను.

మీ పాత ఫోన్ల కోసం తలుపు దగ్గర ఒక పెట్టె పెట్టాం. బ్యాటరీ ఉబ్బిన ఫోన్ మాత్రం అందులో వేయకండి, నొక్కుకుంటే మంటలు లేవొచ్చు. అలాంటిది తెస్తే మాకు విడిగా ఇవ్వండి. మీకంటే ముందు నా ఫోన్ అందులో వేసి వచ్చాను.