బ్యాకప్ ఉంది సరే, రీస్టోర్ చేసి చూశారా?

యాంకర్: అన్నా, పోయిన వారం మా ఆఫీసులో డేటాబేస్ సర్వర్ పది నిమిషాలు పడిపోయింది. మేనేజర్ అడిగిన మొదటి మాట, "బ్యాకప్ ఉందా?" అని. అందరం ఉందన్నాం. నాకు మాత్రం లోపల ఒకటే టెన్షన్. ఆ ఫైలు తెరిచి చూసినవాళ్లు మాలో ఒక్కరూ లేరు.

డీబీఏ (డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్): నీ భయం సరైందేనమ్మా. నేనూ అలా ఉందనుకునే గడిపాను. అప్పట్లో ఒక చిన్న కంపెనీలో చేసేవాణ్ని. రాత్రి రెండింటికి పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ డంప్ తీసి, అంటే డేటానంతా ఒక ఫైలుగా రాసి, జీజిప్ అనే ప్రోగ్రాముతో కుదించే స్క్రిప్టు ఉండేది. పొద్దున్నే తారీఖుతో సహా ఫైలు కనబడేది. ఒకరోజు టెస్టింగ్‌కి పాత డేటా కావాల్సొచ్చి ఆ ఫోల్డర్‌లోకి వెళ్లాను. సైజు దగ్గర వరసగా 20, 20, 20. ఎంబీలు కాదు, బైట్లు!

యాంకర్: 20 బైట్లా?

డీబీఏ: ఏమీ లేనిదాన్ని జీజిప్ చేస్తే వచ్చే సైజు అది. డేటాబేస్ పాస్‌వర్డ్ మార్చాం, స్క్రిప్టులో మార్చడం మర్చిపోయాం. డంప్ మొదట్లోనే ఆగిపోతోంది. పైపుకి, అంటే ఒక కమాండు ఇచ్చింది ఇంకోదానికి అందించే దారికి, అవతల ఉన్న జీజిప్ తన పని ముగించి, అంతా బాగుందని చెబుతోంది. ఈ కమాండ్లను నడిపే షెల్ మామూలుగా చివరి కమాండు మాటే తీసుకుంటుంది. మధ్యలో ఏది ఫెయిలైనా చెప్పే పైప్‌ఫెయిల్ ఆప్షన్ సెట్ చేసి, ఫెయిలైతే ఫోన్‌కి మెసేజ్ వచ్చేలా పెట్టుకుంటే మొదటి రాత్రే తెలిసేది. డేటా పోలేదు కానీ, ఆ స్క్రీన్ చూసినప్పుడు చేతులు చల్లబడ్డాయి.

యాంకర్: పెద్ద కంపెనీల్లో ఇలా జరగదనుకుంటాం.

డీబీఏ: జరిగింది. ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్‌లో, 2017 జనవరి 31న. రెప్లికా, అంటే అసలు సర్వర్ (ప్రైమరీ) డేటాను ఎప్పటికప్పుడు కాపీ చేసుకునే రెండో సర్వర్, వెనకబడి ఆగిపోయింది. దాన్ని మొదటినుంచి నింపుదామని ఒక ఇంజినీరు రాత్రి పొద్దుపోయాక పాత డేటా డైరెక్టరీ తీసేయబోయారు. కమాండు కొట్టింది రెప్లికాలో కాదు, ప్రైమరీలో. ఒకటి రెండు సెకన్లకే గుర్తించి ఆపేశారు. అప్పటికే సుమారు 300 జీబీలో మిగిలింది 4.5 జీబీ.

యాంకర్: అయ్యో! మరి బ్యాకప్?

డీబీఏ: బ్యాకప్‌లు దాచే అమెజాన్ క్లౌడ్ స్టోరేజీ ఎస్3లో చూస్తే ఖాళీ. డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ 9.6, డంప్ తీసే ప్రోగ్రాము 9.2. పాత వెర్షన్ డంప్ కొత్త సర్వర్‌ని ముట్టుకోదు, ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. ఆ ఎర్రర్ మెయిళ్లు కూడా వెళ్లాయి. కానీ మెయిల్ నిజంగా పంపినవాళ్లదేనా అని తేల్చే డీమార్క్ సరిగ్గా లేక అవతల సర్వర్ వాటిని తిప్పికొట్టింది. డేటాబేస్ సర్వర్లకు మైక్రోసాఫ్ట్ క్లౌడ్ అజ్యూర్‌లోని డిస్క్ స్నాప్‌షాట్లు, అంటే డిస్కు ఆ క్షణానికి ఎలా ఉందో దాని కాపీలు, ఆన్ చేయలేదు. చివరికి కాపాడింది ఏంటంటే, ఆరు గంటల ముందు అదే ఇంజినీరు వేరే పనికోసం చేత్తో తీసిన ఒక ఎల్‌వీఎం (లినక్స్‌లో డిస్కులు చూసుకునే పద్ధతి) స్నాప్‌షాట్. నెమ్మది డిస్కులనుంచి దాన్ని కాపీ చేయడానికే గంటలకు గంటలు పట్టింది. గిట్ రిపాజిటరీలు, అంటే అసలు కోడ్, భద్రంగా ఉన్నాయి కానీ, ఆ ఆరు గంటల్లో పుట్టిన దాదాపు 5,000 ప్రాజెక్టులు, అన్నే కామెంట్లు, 700 యూజర్ ఖాతాల దాకా దెబ్బతిన్నాయి.

రికవరీని వాళ్లు యూట్యూబ్‌లో లైవ్ పెట్టారు, కారణాలన్నీ రాసి బయటపెట్టారు. తప్పును ఆ ఒక్క ఇంజినీరు మీదకు తోసేయలేదు. నాకు వాళ్ల మీద గౌరవం పెరిగింది అందుకే.

యాంకర్: మా వాళ్లు రెప్లికా ఉందిగా, బ్యాకప్ ఎందుకంటారు.

డీబీఏ: మెషీన్ చచ్చిపోతే రెప్లికా ఆదుకుంటుంది. ఎవరైనా ఏ వరసలు తీయాలో చెప్పే 'వేర్' షరతు లేకుండా డిలీట్ కొడితే? ఆ డిలీట్ రెప్లికాకీ క్షణాల్లో చేరిపోతుంది. అక్కడ కావాల్సింది బేస్ బ్యాకప్, అంటే డేటాబేస్ పూర్తి కాపీ, దానితోపాటు ఆ తర్వాత జరిగిన ప్రతి మార్పూ రాసి ఉండే వాల్ ఫైళ్ల ఆర్కైవ్. అప్పుడు 3:42కి తప్పు జరిగితే 3:41 దగ్గరికి డేటాని తీసుకెళ్లొచ్చు.

యాంకర్: సరే, శనివారం ఆఫీసుకి వెళ్తాను. ఎక్కడ మొదలుపెట్టను?

డీబీఏ: నిన్నటి ఫైలు తీసుకుని ప్రొడక్షన్‌తో, అంటే కస్టమర్లు వాడే అసలు సర్వర్‌తో, సంబంధం లేని మెషీన్‌లో రీస్టోర్ చెయ్యి. లేచిందని వదిలేయకు. ఆర్డర్ల టేబుల్లో చివరి వరస ఏ టైముది? నిన్న రాత్రిది ఉండాలి. మొత్తం ఎంతసేపు పట్టిందో కూడా రాసుకో. మాకు మొదటిసారి ఐదు గంటలు పట్టింది, మేనేజర్ గంటలో అయిపోతుందనుకున్నారు. ఆ తేడా ఆయనకు సర్వర్ పడిన రోజు కాదు, ముందే తెలియాలి. అయ్యాక ఆ కాపీ తుడిచెయ్యి, అందులో ఉన్నవి నిజమైన కస్టమర్ల ఫోన్ నంబర్లు.

యాంకర్: ఖాళీ మెషీన్ ఒకటుంది, 100 జీబీ డిస్కుతో. డంప్ 30 జీబీ.

డీబీఏ: 30 అంటే కుదించిన సైజు కదమ్మా? విప్పి, త్వరగా వెతకడానికి వాడే ఇండెక్సులు కట్టేసరికి 100 చాలకపోవచ్చు. ముందు ప్రొడక్షన్‌లో డేటాబేస్ సైజు చూసుకుని, దానికి సరిపడా డిస్కు అడుగు.