ముందు ఎవరి దగ్గరికి వెళ్తారు? నర్సింగ్ చదువు నుంచి మొదటి డ్యూటీ దాకా

అందరికీ నమస్తే. ముందుగా ఒక ప్రశ్న. వీడియో ఆపి ఆలోచించుకున్నా పర్లేదు.

పొద్దున డ్యూటీ ఎక్కారు, ఓవర్ తీసుకున్నారు, అంటే దిగిపోయే నర్సు నుంచి పేషెంట్ల వివరాలు విన్నారు. మీకు నలుగురు పేషెంట్లు. ఒకాయనకి నిన్న కడుపు ఆపరేషన్ అయింది, నొప్పి పదికి ఎనిమిది ఉందంటున్నాడు. రెండో ఆవిడ డిశ్చార్జ్ కాగితాలు ఇంకా రాలేదని బెల్ కొడుతూనే ఉంది. మూడో ఆయన షుగర్ పేషెంట్, తినే ముందు ఇన్సులిన్ ఇవ్వాలి. నాలుగో ఆవిడకి నిన్న రాత్రి థైరాయిడ్ ఆపరేషన్ జరిగింది. ఆవిడ ఏమీ అడగట్లేదు. కాకపోతే గొంతు బొంగురుపోయింది, ఊపిరి పీల్చినప్పుడల్లా సన్నగా ఈల వేసినట్టు చప్పుడు వస్తోంది.

ముందు ఎవరి దగ్గరికి వెళ్తారు?

సెకండియర్‌లో నేనైతే నొప్పి ఉన్నాయన దగ్గరికి పరిగెత్తేదాన్ని. నొప్పి చూస్తే ఎవరికైనా మనసు ఆగదు కదా. కానీ వెళ్లాల్సింది ఆ నోరెత్తని నాలుగో ఆవిడ దగ్గరికి. మెడ లోపల రక్తం కారి గూడు కడితే గాలిగొట్టం మీద ఒత్తిడి పడుతుంది. ఆ ఈల చప్పుడు గాలి దారి ఇరుకవుతోందని చెప్తోంది. డ్రెస్సింగ్ పైకి పొడిగా కనిపించొచ్చు. వెల్లకిలా ఉన్న మనిషికి రక్తం వెనక్కి జారుతుంది కాబట్టి మెడ వెనక చెయ్యి పెట్టి తడి ఉందేమో చూడాలి. తల వైపు మంచం ఎత్తాలి, ఆవిడ పక్క నుంచి కదలకుండానే కేకేసి సాయం పిలవాలి. ఇంకొకటి, పెదవుల చుట్టూ, వేళ్ల కొసల్లో తిమ్మిరిగా ఉందా అని అడగాలి. థైరాయిడ్ వెనకే అంటుకుని ఉండే పారాథైరాయిడ్ గ్రంథులు దెబ్బతింటే ఒంట్లో క్యాల్షియం పడిపోతుంది, గొంతు కండరాలు బిగుసుకుపోవడానికి అదీ ఒక కారణం.

ఈ ప్రశ్న ఎందుకు ఎత్తానంటే, నన్ను ఇది మూడు చోట్ల పట్టుకుంది. పరీక్షలో ఒకసారి, ఉద్యోగం ఇంటర్వ్యూలో ఒకసారి, చేరిన కొత్తలో నిజం వార్డులో ఒకసారి. కాలేజీ వేరు, ఉద్యోగం వేరు అనుకుంటాం మనం. ఆ మూడు చోట్లా అవతలి వాళ్లకి కావాల్సింది ఒక్కటే: ఈ అమ్మాయికి, ఈ అబ్బాయికి ఏది ఆగదో తెలుసా? తన వల్ల కానప్పుడు సాయం పిలుస్తారా?

సరే, చదువు సంగతికి వద్దాం. మనలో చాలామంది జబ్బు నిర్వచనం, కారణాలు, లక్షణాలు, చికిత్స అని వరసగా బట్టీ పడతాం. వైవాలో గడగడా అప్పజెప్తాం. లైసెన్స్ పరీక్షకి వచ్చేసరికి ఆ గడగడ చాలదు. అక్కడ ఇచ్చిన నాలుగు జవాబులూ చేయాల్సిన పనులే అయి ఉంటాయి. మొదట ఏది అన్నదే ప్రశ్న. నేను పెట్టుకున్న కొలత ఏంటంటే, ఈ పేషెంట్‌కి ఇది అనుకున్నదేనా, అనుకోనిదా? కడుపు ఆపరేషన్ అయిన మర్నాడు నొప్పి మనం అనుకున్నదే. అంటే ఆయన్ని వదిలేయమని కాదు, మందు ఇవ్వాల్సిందే, కానీ ఐదు నిమిషాలు ఆగుతుంది. ఈల చప్పుడు అనుకోనిది. పైగా కొత్తది. గాలి, ఊపిరి, రక్తప్రసరణ అనే వరస అందరికీ వచ్చు, దానికి ఈ "కొత్తదా, పాతదా" కలిపితే సగం ప్రశ్నలు విడిపోతాయి.

లెక్కలంటే భయపడేవాళ్లకి ఒక మాట. లీటరు సెలైన్ ఎనిమిది గంటల్లో ఎక్కాలి, సెలైన్ గొట్టం సెట్టు మిల్లీలీటరుకి 20 చుక్కలది. గంటకి 125 మిల్లీలీటర్లు, చుక్కల్లో 2,500, నిమిషానికి సుమారు 42. ఫార్ములా మర్చిపోయినా ఇలా మెట్టు మెట్టుగా దిగితే జవాబు వస్తుంది. నిమిషానికి 420 అని వస్తే మాత్రం దశాంశం ఎక్కడో జారింది. ఆ దశాంశమే వార్డులో ప్రాణం మీదకి తెస్తుంది. అందుకే .5 అని రాయకూడదు, 0.5 అని రాయాలి. 5.0 అని అసలు రాయకూడదు, చుక్క సరిగా పడకపోతే అది 50 అయి కూర్చుంటుంది.

క్లినికల్ పోస్టింగ్, అంటే చదువులో భాగంగా ఆసుపత్రి వార్డుల్లో పనిచేయడం, దాని దగ్గర మాత్రం కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మన ఉద్యోగం నిజానికి అక్కడే మొదలవుతుంది. చాలామంది పోస్టింగ్‌ని హాజరు పట్టీలాగా చూస్తారు. ఇన్ని గంటలు, ఇన్ని కేర్ ప్లాన్‌లు, సంతకం పెట్టించుకుని బయటపడటం. వార్డు ఇన్‌చార్జ్ సిస్టర్ మాత్రం మిమ్మల్ని వేరే కంటితో చూస్తుంటుంది. నాడి, బీపీ, ఊపిరి లెక్క రాసే వైటల్స్ చార్టు ఒక్కటి చాలు ఆవిడకి. ఊపిరి లెక్క గడి చూడండి ఎప్పుడైనా. బెడ్ ఒకటి 20, బెడ్ రెండు 20, బెడ్ మూడు 20. వార్డు వార్డంతా ఒకే తాళంలో ఊపిరి తీస్తోందన్నమాట! నవ్వొస్తుంది గానీ, మనిషి పరిస్థితి దిగజారేటప్పుడు చాలాసార్లు మొదట మారేది ఆ అంకే. బీపీ ఇంకా బాగానే ఉండగానే ఊపిరి 20 నుంచి 26కి పోతుంది. మణికట్టు పట్టుకుని నాడి చూస్తున్నట్టే ఉండి, నిమిషం పాటు ఛాతీ చూసి లెక్కపెట్టండి. లెక్కపెడుతున్నారని తెలిస్తే పేషెంట్ ఊపిరి తీరే మారిపోతుంది.

పోస్టింగ్‌లో నేను చేయబోయిన తప్పు కూడా చెప్తాను. మాత్రలు పట్టుకుని బెడ్ దగ్గరికి వెళ్లి, కాగితం మీదున్న పేరు చదివి "మీరేనామ్మా?" అన్నాను. ఆవిడ తలూపింది. గ్లాసుతో నీళ్లు కూడా ఇచ్చాను. అప్పుడు చేతి బ్యాండు మీద కళ్లు పడ్డాయి, పేరు వేరు. ఆవిడకి చెవులు సరిగా వినపడవు, పెద్దావిడ, మనం ఏమడిగినా మర్యాదకి తలూపుతుంది. ఆ రోజు నుంచి నేను పేరు చెప్పి అడగను. "మీ పేరు, పుట్టిన తేదీ మీరే చెప్పండి" అని అడుగుతాను, చెప్పింది బ్యాండుతో సరిచూస్తాను. చేతులు వణుకుతుండగానే వెళ్లి సిస్టర్‌కి చెప్పాను. తిడుతుందనుకున్నా. "మాత్ర ఇంకా నీ చేతిలోనే ఉందిగా, పద, రిపోర్టు రాద్దాం" అంది.

ఈ కథ గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

ఇక అప్లికేషన్లు. ఫలితాలు వచ్చాక చూద్దాం అనుకోకండి. కొత్తగా పాసైనవాళ్ల కోసం శిక్షణతో కూడిన ఖాళీలు పెట్టే ఆసుపత్రులు చాలా చోట్ల చదువు అవ్వకముందే దరఖాస్తులు తీసుకుంటాయి. "అనుభవం కావాలి" అని ప్రకటనలో ఉంటే నిట్టూర్చి వదిలేస్తాం. పోస్టింగ్‌లూ అనుభవమే, రాయడం తెలియాలి. "మెడికల్ వార్డులో పనిచేశాను" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. ఏ వార్డు, ఎన్ని గంటలు, ఒక్కో డ్యూటీలో ఎంతమంది పేషెంట్లను చూశారు, ఏ పనులు సొంతంగా, ఏవి సిస్టర్ పక్కనుండగా చేశారు, అది రాయండి. చివరి పోస్టింగ్ వీలైతే మీరు చేరాలనుకునే చోటే అడగండి. రిఫరెన్స్ ఇస్తారా అని పోస్టింగ్ ఆఖరి రోజే మొహం ఎదురుగా అడగండి. ఆరు నెలల తర్వాత ఫోన్ చేస్తే పాపం వాళ్లకి మీ పేరు కూడా గుర్తుండదు.

ఇంటర్వ్యూలో ముగ్గురు కూర్చున్నారు. "మా ఆసుపత్రే ఎందుకు" లాంటివి రెండు అడిగి, అసలు ప్రశ్న వేశారు: "మీరు చేసిన తప్పు ఒకటి చెప్పండి." ఇక్కడ చాలామంది "నేను మరీ ఎక్కువ కష్టపడతాను మేడమ్" అని తెలివిగా తప్పించుకోబోతారు. ఆ జవాబు వాళ్లు వందసార్లు విని ఉంటారు. నేను ఆ పెద్దావిడ కథ చెప్పాను. ఏం జరిగింది, ఎక్కడ ఆగాను, ఎవరికి చెప్పాను, తర్వాత పద్ధతి ఎలా మార్చుకున్నాను. వాళ్ల మొహాల్లో బిగువు సడలడం చూశాను. తప్పు దాచే నర్సంటేనే వాళ్లకి భయం. కొత్తవాళ్లకి అన్నీ వస్తాయని ఎవరూ అనుకోరు.

తర్వాత ఆ నలుగురు పేషెంట్ల ప్రశ్నే, కొంచెం మార్చి. జవాబుకి చివర "అంతలో మిగతావాళ్లని చూడమని పక్క సిస్టర్‌ని అడుగుతాను" అని కలిపాను. ఆ ఒక్క వాక్యం దగ్గర ఒకావిడ పెన్ను తీసి ఏదో రాసుకుంది.

మీరు కూడా అడగండి. కొత్తవాళ్లు ఎన్ని వారాలు ప్రిసెప్టర్ (పక్కనుండి పని నేర్పే అనుభవమున్న నర్సు) పక్కన పనిచేస్తారు? అది ఒకరేనా, రోజుకొకరా? ఆ తర్వాత ఒక్కో నర్సుకి ఎంతమంది పేషెంట్లు? నైట్ డ్యూటీలో అనుభవం ఉన్నవాళ్లు పక్కన ఉంటారా? ఐసీయూనా, మామూలు వార్డా అని చాలామంది తలలు పట్టుకుంటారు గానీ, నన్నడిగితే బోర్డు మీద పేరు కంటే ఈ జవాబులే ముఖ్యం. "మీరు తెలివైనవాళ్లు, వారంలో పట్టేసుకుంటారు" అని నవ్వుతూ అన్నారనుకోండి, నేనైతే అక్కడ చేరను.

చేరాక మొదటి నెలలు బాగుండవు. ఉన్నమాట చెప్పేస్తున్నా. మార్లీన్ క్రేమర్ అనే నర్సింగ్ పరిశోధకురాలు 1974లోనే దీనికి "రియాలిటీ షాక్" అని పేరు పెట్టింది. కాలేజీ నేర్పిన పద్ధతికీ వార్డు పరుగుకీ మధ్య నలిగిపోవడం అన్నమాట. మొదట అంతా అద్భుతంగా ఉంటుంది, తర్వాత అన్నిటి మీదా కోపం వస్తుంది, కోలుకోవడం ఆ తర్వాతే. పాట్రీషియా బెన్నర్ లెక్క ఇంకా ఊరటగా ఉంటుంది. ఒకే రకం వార్డులో రెండు మూడేళ్లు పనిచేస్తే గానీ నర్సు "సమర్థురాలు" అనే మెట్టు ఎక్కదంది ఆవిడ. మరి మూడో వారంలో మనకి ఏమీ రావట్లేదని ఏడవడం ఎందుకు?

డాక్టర్‌కి ఫోన్ చేయడమంటే నాకు గుండె దడ. దానికి మందు ఎస్‌బార్ (SBAR), అంటే విషయాన్ని నాలుగు ముక్కల్లో వరసగా చెప్పే పద్ధతి. అమెరికా నౌకాదళం వాళ్లు అణు జలాంతర్గాముల్లో వాడిన పద్ధతి నుంచి ఆసుపత్రులకి వచ్చింది. ఇప్పుడు ఏం జరుగుతోంది, వెనక కథ ఏంటి, నేనేం అనుకుంటున్నాను, నాకేం కావాలి. "సార్, థైరాయిడ్ పేషెంట్ ఊపిరిలో ఈల చప్పుడు మొదలైంది. ఆపరేషన్ నిన్న రాత్రి. మెడలో రక్తం చేరుతోందేమోనని అనుమానం. మీరు ఇప్పుడే రావాలి." అంతే. "మీరు రావాలి" అన్న ముక్క మింగేయకండి. ఆ ముక్క చెప్పడానికే ఫోన్ చేశాం.

ఒక కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో ఉంచుకోండి. ఒక్కో మడత ఒక్కో పేషెంట్‌కి, గంటల వారీగా మందులు, చేసినవి కొట్టేస్తూ. ఓవర్ ఇచ్చేటప్పుడు అదే చూసి చెప్పండి. అయినా సరే, ఇంటికెళ్లి కళ్లు మూసుకోగానే ఏదో ఒకటి గుర్తొస్తుంది, యూరిన్ కొలత చెప్పానా లేదా అని. పడుకుని నలగడం ఎందుకు, వార్డుకి ఫోన్ చేసి చెప్పేయండి. నైట్ సిస్టర్ ఏమీ అనుకోదు. ఆవిడ కూడా కొత్తలో రాత్రి పదకొండింటికి అలా ఫోన్లు చేసే ఉంటుంది.