చదివిందే చదివితే వచ్చేస్తుందా?

శ్రోతలందరికీ నమస్కారం. ఇవాళ సైకాలజీ గురించి మాట్లాడుకుందాం, పెద్ద పెద్ద సిద్ధాంతాలేం కాదులెండి, మొదట్లో చెప్పే ఓనమాలే. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో దీన్ని పరీక్ష కోసం చదివేవాళ్ళు తక్కువేం కాదు, టీచర్ ఉద్యోగం కావాలంటే టెట్ రాయాలి కదా, అందులో 150 మార్కులకి 30 మార్కులు శిశు వికాసం, పెడగాజీయే, అంటే పాఠం చెప్పే పద్ధతులే. మరి ఎలా చదువుతారంటే, మెటీరియల్ ముందేసుకుని, లైన్ల మీద హైలైటర్ గీసుకుంటూ ఒకసారి, మళ్ళీ ఒకసారి, పరీక్ష ముందురోజు ఇంకోసారి. చదువుతున్నంతసేపూ అబ్బ ఇదంతా నాకు తెలిసిందే కదా అనిపిస్తుంది. తీరా హాల్లో కూర్చున్నాక నాలుగు ఆప్షన్లూ కరెక్టే అనిపిస్తాయి. తమాషా ఏంటంటే, ఇలా ఎందుకవుతుందో కూడా ఆ మెటీరియల్‌లోనే ఉంటుంది, స్మృతి, విస్మృతి అనే చాప్టర్లో. దాన్ని కూడా హైలైటర్ గీసి పక్కన పెట్టేస్తాం.

ఆ చాప్టర్ తెరవగానే ఎబ్బింగ్‌హాస్ కనిపిస్తాడు. జర్మనీ ఆయన. ప్రయోగానికి వేరేవాళ్ళని వెతకలేదు, తన మీద తనే చేసుకున్నాడు. అర్థం పర్థం లేని మూడక్షరాల ముక్కలు దాదాపు 2300 తయారు చేసుకుని, వాటిని వరసలుగా పేర్చి బట్టీ పట్టడం, కాసేపు వదిలేయడం, మళ్ళీ అవే బట్టీ పట్టడం, ఇదే పని. రెండోసారి పట్టడానికి ఎంత టైము కలిసొచ్చిందో అంత బుర్రలో మిగిలినట్టు లెక్క, పొదుపు పద్ధతి అంటారే, అదే. 1885లో ఇదంతా పుస్తకంగా వేశాడు. ఆయన లెక్కలో 20 నిమిషాలకి మిగిలింది 58 శాతం, గంటకి 44, ఒక రోజుకి 34, నెల తర్వాత 21. అంటే పోయేదంతా మొదట్లోనే పోతుంది, ఆ తర్వాత మెల్లమెల్లగా జారుతుంది. అవి అర్థం లేని ముక్కలు కాబట్టి అంత ఘోరంగా పోయాయి, అర్థమయ్యే పాఠం అయితే ఇంత పోదు, ఆ మాట చాలా గైడ్లలో రాయరు, ఈ శాతాలే వేదం అన్నట్టు రాసేస్తారు.

సరే పోయేది పోతుంది, మరి ఆపేదెట్లా? 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికె అని ఇద్దరు కాలేజీ పిల్లలకి చిన్న పాఠం ఒకటి ఇచ్చారు. కొందరు దాన్ని రెండోసారి చదివారు, ఇంకొందరు కాగితం మూసేసి గుర్తొచ్చినంత రాశారు. ఐదు నిమిషాలకి అడిగితే రెండుసార్లు చదివినవాళ్ళే గెలిచారు. అక్కడే మనం మోసపోయేది. వారం తర్వాత అడిగితే మళ్ళీ చదివినవాళ్ళకి 42 శాతం గుర్తుంది, మూసేసి రాసినవాళ్ళకి 56 శాతం. రాసేటప్పుడు వాళ్ళకి ఎవరూ తప్పొప్పులు కూడా చెప్పలేదు. ఉత్తినే లోపల్నుంచి బయటికి లాగారంతే.

ఇప్పుడు మిమ్మల్నే అడుగుతాను. ఇందాక ఎబ్బింగ్‌హాస్‌కి గంట తర్వాత ఎంత మిగిలిందన్నాను? ఆలోచించండి, తొందరేం లేదు... 44. రాకపోయినా పర్లేదు, వెతుక్కున్నారు చూడండి, ఆ వెతుక్కోవడమే పని చేస్తుంది.

ఇక అలవాట్లు ఎలా పడతాయో చూపించిన పావ్‌లోవ్, స్కిన్నర్. పావ్‌లోవ్ అసలు సైకాలజీ మనిషే కాదు, ఆయనకి 1904లో నోబెల్ వచ్చింది జీర్ణక్రియ మీద చేసిన పనికి. తిండి పెట్టకముందే కుక్కకి లాలాజలం ఎందుకూరుతోంది అని పట్టుకున్నాడు, అక్కణ్ణుంచి తిండేమో నిర్నిబంధిత ఉద్దీపన, తిండి వస్తోందని తెలిపే చప్పుడు నిబంధిత ఉద్దీపన, చప్పుడే తప్ప తిండి రాక లాలాజలం ఆగిపోతే విరమణ, కొంతకాలానికి మళ్ళీ దానంతటదే ఊరితే అయత్నసిద్ధ స్వాస్థ్యం అని మనకి ఇంత చిట్టా తయారైంది. పేర్లు చూసి భయపడక్కర్లేదు, కుక్క ఒక్కటి గుర్తుంటే మిగతావి అవే వస్తాయి.

అసలు తంటా అంతా అమెరికా సైకాలజిస్టు స్కిన్నర్ దగ్గర, ముఖ్యంగా రుణాత్మక పునర్బలనం దగ్గర. పునర్బలనం అంటే చేసిన పనిని మళ్ళీ చేసేలా పెంచేది. దీన్ని శిక్ష అనుకోనివాళ్ళని నేను చాలా తక్కువమందిని చూశాను, పాఠాలు చెప్పేవాళ్ళలో కూడా. ఒక ఇంట్లోకి వెళ్దాం. చంటోడు అన్నం ముందు కూర్చుని ఫోన్ కావాలని రాగం అందుకున్నాడు. వాళ్ళమ్మ రెండు నిమిషాలు చూసింది, అయిదు నిమిషాలు చూసింది, ఇక భరించలేక ఫోన్ చేతిలో పెట్టేసింది, ఏడుపు టక్కున ఆగింది. ఇప్పుడు చెప్పండి, ఎవరు ఏం నేర్చుకున్నారు? పిల్లాడికి ఏడిస్తే ఫోన్ వచ్చింది, కాబట్టి ఏడుపు పెరుగుతుంది, అది ధనాత్మకం. అమ్మకి ఫోన్ ఇస్తే గోల పోయింది, కాబట్టి ఫోన్ ఇవ్వడం పెరుగుతుంది, ఇదే రుణాత్మకం. ఇష్టం లేనిది ఒకటి తొలగింది, అందుకని చేసిన పని పెరిగింది. శిక్ష వేస్తే పని తగ్గాలి కదా, ఇక్కడ ఏదీ తగ్గలేదు, ఇద్దరిదీ పెరిగింది! పెరిగిందా తగ్గిందా అన్నది ముందు చూసుకుని, ఆ తర్వాత వచ్చిందా పోయిందా అన్నది చూసుకుంటే ఈ ప్రశ్నకి జవాబు జన్మలో తప్పు పోదు.

ఇంకో మెలిక, నానమ్మ ఒకసారి ఇస్తుంది ఒకసారి ఇవ్వదు అనుకోండి, అది పాక్షిక పునర్బలనం, అలా అలవాటైన ఏడుపు మాన్పించడం మహా కష్టం. పైగా ఇక ఇవ్వకూడదని ఇంట్లోవాళ్ళు గట్టిగా నిర్ణయించుకున్న కొత్తలో ఏడుపు తగ్గకపోగా ఒక్కోసారి ఇంకా ఎక్కువవుతుంది కూడా, అక్కడే చాలామంది చేతులెత్తేస్తారు.

స్మృతి రకాలు అని ఒక లిస్టు ఉంటుంది, అది ఎవరికీ గుర్తుండదు. లిస్టు వదిలేసి హెన్రీ మొలైసన్‌ని గుర్తుపెట్టుకోండి. అమెరికాలో 1953లో, 27 ఏళ్ళ వయసులో, మూర్ఛ తగ్గడానికని ఆయన మెదడులో రెండు వైపులా హిప్పోక్యాంపస్ ఉండే భాగం చాలావరకు తీసేశారు. మూర్ఛ తగ్గింది గానీ కొత్త సంగతులు నిలవడం పోయింది, ఇప్పుడు మాట్లాడిన మనిషి కాసేపటికి మళ్ళీ కొత్త మనిషే. బ్రెండా మిల్నర్ అనే సైకాలజిస్టు ఆయన చేత అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ గీయించింది. రోజురోజుకీ చేయి బాగా తిరిగింది, కానీ ప్రతిరోజూ ఆయన దృష్టిలో అదే మొదటిసారి! అంటే సంగతులు గుర్తుండడం వేరు, పని చేతికి రావడం వేరు, రెండూ ఒకే చోట ఉండవు. పరీక్షలో ఎలా తిప్పి అడిగినా ఈ కథ తెలిస్తే రాసేయొచ్చు.

చివరిగా నిద్ర సంగతి. జెంకిన్స్, డాలెన్‌బాక్ అని 1924లోనే చూపించారు, నేర్చుకున్నాక మెలకువగా ఉన్నవాళ్ళకంటే పడుకున్నవాళ్ళు తక్కువ మర్చిపోతారని. వాళ్ళు చూసింది ఇద్దరు స్టూడెంట్లనే అయినా, తర్వాత వచ్చిన పరిశోధనలు చాలావరకు అదే దారిలో ఉన్నాయి. కాబట్టి తెల్లవార్లూ టీ తాగి మేలుకునే బ్యాచ్ ఇది వింటుంటే, మీకే చెప్తున్నాను.

ఇక మీకొక ప్రశ్న, పుస్తకం తియ్యకుండా చెప్పాలి. కొడుకు హోంవర్క్ మొదలుపెట్టేదాకా నాన్న సణుగుతూనే ఉన్నాడు, మొదలుపెట్టగానే ఆపేశాడు. కొడుక్కి జరిగింది ఏ పునర్బలనం, మరి నాన్నకి ఏది? జవాబు కాగితం మీద రాసుకుని, ఆ తర్వాతే మెటీరియల్ తెరవండి. నమస్కారం.