కంపచెట్టుది కమలాపురం

అక్క: శ్రోతలకు నమస్కారం. ఈవారం తమ్ముడు గొడుగు లేకుండా వచ్చాడు, సంతోషం.

తమ్ముడు: ఆ సంగతి ఎత్తనన్నావు కదా అక్కా!

అక్క: ఎత్తలేదు, పలకరించాను. సరే, ఈవారం విషయం మన చెరువు దగ్గర పిల్లలు పెంచుతున్న నారు. పాల ప్యాకెట్లకు అడుగున బెజ్జాలు పెట్టి, చెరువు మట్టిలో మేకల ఎరువు కలిపి నింపారు. నల్లతుమ్మ, ఏరుమద్ది, నేరేడు, కానుగ. తుమ్మ గింజలను వేడినీళ్లలో వేసి రాత్రంతా నానబెట్టారు. పెంకు గట్టిది కదా.

తమ్ముడు: వేడినీళ్లెందుకు? మేకల దొడ్డిలో ఏరుకుంటే సరిపోయేది. మేక కడుపులోంచి వచ్చిన గింజ తొందరగా మొలుస్తుంది.

అక్క: సర్కారు తుమ్మ, అదే మన కంపచెట్టు, ఊరంతా పాకింది అలాగే! కాయ తియ్యగా ఉంటుంది. మేకలు తింటాయి, పోయినచోటల్లా విత్తుకుంటూ పోతాయి. ఇప్పుడు చెరువులో సగం కంపే.

తమ్ముడు: పోరుమామిళ్ల చెరువు శాసనంలో...

అక్క: మొదలైంది. ఇంకా రెండు నిమిషాలు కాలేదు.

తమ్ముడు: ఒక్క మాట. 1369లో బుక్కరాయల కొడుకు ఆ చెరువు కట్టించి, చెరువుకు ఉండకూడని ఆరు దోషాలను రాతిమీద చెక్కించాడు. మధ్యలో మెరక ఉండకూడదన్నది అందులో ఒకటి.

అక్క: కంప ఉండకూడదని లేదు కదా?

తమ్ముడు: ఎలా ఉంటుంది? అది వచ్చిందే 1877లో.

అక్క: ఎక్కడికి వచ్చిందో కూడా చెప్పు. జమైకా నుంచి గింజలు తెప్పించి దొరలు నాటించింది మన కమలాపురంలో! నీ అత్తగారి ఊళ్లో!

తమ్ముడు: మా అత్తగారిని ఇందులోకి లాగకు. ఆమె కూడా వింటుంది.

అక్క: వినాలనే చెబుతున్నాను. కొడితే మొద్దు చుట్టూ పది చిగుళ్లు వేస్తుంది. తన కింద ఇంకో మొక్కను ఎదగనివ్వదు. వేళ్లతో సహా మొత్తం పెకలించాలి.

తమ్ముడు: మొత్తం అంటావేమిటి? కరువు ఏడాది మన పొయ్యిలో మండింది ఏది? నాన్న బొగ్గు కాల్చింది దేనితో?

అక్క: ...

తమ్ముడు: బట్టీ పక్కన రాత్రంతా కూర్చునేవాడు. మట్టి పగిలి పొగ లేచినచోటల్లా తడిమట్టి మెత్తేవాడు. గాలి దూరితే కట్టె అంతా బూడిదే.

అక్క: అరికాల్లో దిగిన ముల్లు కూడా గుర్తుంది. చీముపట్టిన కాలితోనే బస్తాలు మోశాడు. నా పదో తరగతి ఫీజు ఆ బొగ్గే. నాకు తెలియదనుకున్నావా?

తమ్ముడు: అలా అనలేదు అక్కా.

అక్క: అయినా సరే, చెరువులో వద్దు. గట్టు అవతల ఉంచుకో. నల్లతుమ్మ అయితే నెలల తరబడి నీళ్లలో నిలబడుతుంది, కొంగలు గూళ్లు పెడతాయి.

తమ్ముడు: కంప మీదా పెడతాయి. నేను చూశాను.

అక్క: వేరే దిక్కు లేక!

తమ్ముడు: అందుకే ఒక్కసారిగా కొట్టేయవద్దంటున్నాను. నారు ఎదిగేకొద్దీ తీసుకుంటూ పోదాం. పోరుమామిళ్లలో అయితే చెరువు కట్టడానికి రోజుకు వెయ్యిమంది, రెండేళ్లపాటు...

అక్క: ఇక్కడ ఉన్నది పదకొండుమంది. అందులో నువ్వొకడివి.

తమ్ముడు: రేపు నీళ్లు పోసే వంతు నాదే, తెలుసా?

అక్క: తెలుసు. ఎండ మండిపోతోంది. వచ్చేటప్పుడు గొడుగు...

తమ్ముడు: అక్కా!