ఎర్ర లైటు వెలిగితే ఎవరికి ఫోన్ చేయాలి?

శ్రోతలకు నమస్కారం.

హనుమకొండలో గట్టి వాన పడిందంటే మా దుకాణంలో ఫోన్ మోగడం మొదలవుతుంది. నేను కంప్యూటర్లు బాగుచేసేవాణ్ని. ఇంటర్నెట్ కనెక్షన్ల వ్యాపారం నాది కాదు. అయినా నయీంనగర్ నుంచి, హంటర్ రోడ్డు నుంచి, అవతల కాజీపేట నుంచి కూడా ఒకటే ప్రశ్న: "నెట్ పోయింది, ఏం చేయమంటారు?" నన్నే ఎందుకు అడుగుతారంటే, నేను ఫోన్ ఎత్తుతాను కాబట్టి. నెలనెలా డబ్బు కట్టించుకునే కంపెనీ ఎత్తదు. మామూలు విసుగులా కనిపించే ఈ విషయమే ఎంతోమంది బ్యాంకు ఖాతాలు ఖాళీ కావడానికి దారి తీస్తోందని నా అభిప్రాయం. అదెలాగో చెబుతాను.

ముందు గోడకు తగిలించిన ఆ తెల్ల డబ్బా, అంటే రూటర్ సంగతి. మన ఊళ్లో ఇప్పుడు చాలా ఇళ్లకు ఇంటర్నెట్ వచ్చేది ఫైబర్ తీగ మీద. అందులో నడిచేది కరెంటు కాదు, వెలుగు. ఆ వెలుగు నడిచే గాజు పోగు మందం సుమారు 9 మైక్రాన్లు. తలవెంట్రుక కంటే ఎన్నో రెట్లు సన్నం. అంత సున్నితమైన దాన్ని కరెంటు స్తంభాల మీదుగా, వేపచెట్ల కొమ్మల మధ్య నుంచి, డాబా పిట్టగోడ మీదుగా లాక్కొచ్చి, కిటికీ ఊచకు రెండు చుట్లు చుట్టి లోపలికి తెస్తారు. కోతులు దాన్ని పట్టుకుని ఊగుతాయి. ఎత్తుగా లోడు వేసుకున్న లారీ వెళ్తే తెగుతుంది. తెగనక్కర్లేదు, ఊచ దగ్గర గట్టిగా మడత పడినా వెలుగు అక్కడే బయటకు జారిపోతుంది. డబ్బా మీద 'ఎల్ఓఎస్' అని రాసి ఉన్నచోట ఎర్ర లైటు వెలిగిందంటే వెలుగు ఇంటిదాకా రావడం లేదన్నమాట.

ఇప్పుడు కస్టమర్ కేర్‌కు ఫోన్ చేయండి. భాషకు ఒక అంకె, సమస్యకు ఒక అంకె, "మీ కాల్ మాకు ఎంతో విలువైనది" అనే రికార్డు, కాసేపు సంగీతం, మళ్లీ అదే రికార్డు. చివరికి మనిషి దొరికితే మొదట చెప్పేది డబ్బా ఆపి మళ్లీ వేయమని. ఆ సలహాను నేను ఎగతాళి చేయను. రూటర్ కూడా చిన్న కంప్యూటరే. వారాల తరబడి ఆగకుండా నడిస్తే లోపల ఏదో ఒకటి ఇరుక్కుపోతుంది, ఆపి వేస్తే మొదటి నుంచి శుభ్రంగా మొదలవుతుంది. లైట్లన్నీ పచ్చగా ఉండి నెట్ రాకపోతే అలా చేయాల్సిందే. కానీ ఎర్ర లైటు వెలుగుతుంటే ఎన్నిసార్లు ఆపి వేసినా బయట తెగిన తీగ అతుక్కోదు. అందుకే మొదటి మాటలోనే "ఎల్ఓఎస్ లైటు ఎర్రగా ఉంది, మనిషిని పంపండి" అని చెప్పండి. అప్పటికీ వాళ్లు ఆపి వేయమనే అంటే కోప్పడకండి. వాళ్ల ముందున్న తెర మీద ప్రశ్నల వరస ఉంటుంది, దాన్ని దాటే అధికారం వాళ్లకు ఎవరూ ఇవ్వలేదు.

సాయంత్రానికో మర్నాటికో ఒక కుర్రాడు బండి మీద నిచ్చెన కట్టుకుని వస్తాడు. అప్పటిదాకా దాచుకున్న తిట్లన్నీ అతని మీద పడతాయి. నిజానికి అతను తప్పు చేసినవాడు కాదు, మనకు దొరికినవాడు. వానలో స్తంభం ఎక్కి జాయింటు వేసేది అతనే. తిట్టే బదులు ఒక్క ప్రశ్న అడగండి: "పవర్ ఎంత వస్తోంది?" అతని దగ్గర వెలుగును కొలిచే మీటరు ఉంటుంది. మైనస్ 20 చుట్టుపక్కల చూపిస్తే నిశ్చింతగా ఉండవచ్చు. మైనస్ 27 దగ్గరికి వచ్చిందంటే వచ్చే వానకు మళ్లీ పోతుంది. అప్పుడే జాయింటు మార్పించుకోవడం నయం. ఇంకొక సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. వంద ఎంబీపీఎస్ ప్లాను తీసుకుని, సెకనుకు వంద ఎంబీ దిగడం లేదని చాలామంది కొట్లాటకు వెళ్తారు. ఎంబీపీఎస్ అంటే మెగాబిట్లు. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు. కాబట్టి ఆ ప్లానులో సెకనుకు పన్నెండున్నర ఎంబీ దిగితే కంపెనీ మాట నిలబెట్టుకున్నట్టే. ఈ ఒక్క విషయంలో కంపెనీ తరఫున మాట్లాడాల్సి వస్తుంది, తప్పదు.

మధ్యాహ్నం నుంచి ఫోన్ చెవికి ఆనించుకుని కూర్చున్న మనిషికి ఒక దశలో ఓపిక పోతుంది. సెర్చ్‌లో కంపెనీ పేరు, పక్కన 'కస్టమర్ కేర్ నంబర్' అని కొడతాడు. పైవరసలోనే పది అంకెల సెల్ నంబరు, పక్కన కంపెనీ ముద్ర. డబ్బు కట్టి వేయించిన ప్రకటన కావచ్చు, ఎవరో తయారుచేసిన దొంగ పేజీ కావచ్చు, మ్యాపుల్లో ఎవరో మార్చిన నంబరు కావచ్చు. డయల్ చేస్తే మొదటి రింగుకే ఎత్తుతారు. "నమస్కారం సార్, మీకు కలిగిన అసౌకర్యానికి క్షమించండి" అంటారు. రికార్డు కాదు, మనిషి! మనం చెప్పేదంతా వింటాడు, మధ్యలో అడ్డు రాడు, "చాలా ఇబ్బంది పడ్డారు సార్" అని జాలి కూడా చూపిస్తాడు. అసలు కంపెనీ ఏళ్లుగా ఇవ్వని సేవను దొంగ ఐదు నిమిషాల్లో ఇస్తాడు. సుబేదారిలో ఉండే ఒక రిటైర్డ్ టీచరమ్మ రీఛార్జ్ డబ్బు వాపసు కోసం ఇలాగే ఫోన్ చేసి పెద్ద మొత్తం పోగొట్టుకున్నారు. ఆ తర్వాత ఫోను శుభ్రం చేయించడానికి నా దగ్గరికి వచ్చినప్పుడు ఆమె అన్నమాట: "అంత ఓపికగా మాట్లాడాడు బాబూ, దొంగ అని ఎలా అనుకుంటాను?" ఆమెను తెలివితక్కువ మనిషి అనేవాళ్లను నేను ఒప్పుకోను. పిల్లలకు లెక్కలు చెప్పిన మనిషి. ఆమెకు కావలసిందల్లా తన మాట వినే మనిషి, వినాల్సినవాడు వినలేదు.

ఆ తర్వాత జరిగే పని రెండు మూడు రకాలు. ఒకటి, ఎనీడెస్క్ లాంటి యాప్ వేసుకోమని, అందులో వచ్చే అంకెలు చెప్పమని అడగడం. అవి మంచి యాప్‌లే. దూరంగా ఉన్న కంప్యూటర్లు చూడటానికి నేనూ రోజూ వాడతాను. కానీ ఆ అంకెలు చెప్పిన క్షణం నుంచి మీ తెర అవతలివాడికి కనిపిస్తుంది. మీరు నొక్కే అంకెలు, వచ్చే ఓటీపీ, ఖాతాలో నిల్వ, అన్నీ చూస్తుంటాడు. రెండోది, వాట్సాప్‌లో ఏపీకే ఫైలు, అంటే ఫోనులో యాప్‌ను ఎక్కించే ఫైలు పంపడం. పేరు ఏదైనా ఉండవచ్చు: బ్యాంకు కేవైసీ, ట్రాఫిక్ చలానా, పెళ్లి శుభలేఖ, రైతులకైతే పీఎం కిసాన్. ప్లే స్టోర్ బయటి నుంచి వచ్చిన ఆ ఫైలును తెరిచి, అది అడిగిన చోటల్లా 'సరే' నొక్కితే, మీ మెసేజీలు చదివే అనుమతి దానికి దక్కుతుంది. ఇక ఓటీపీ చెప్పమని మిమ్మల్ని అడగాల్సిన పనే లేదు. మూడోది పాతదే: "వాపసు డబ్బు పంపుతున్నాం, యూపీఐ పిన్ కొట్టండి." పిన్ కొట్టేది డబ్బు పంపడానికి, లేదా ఖాతాలో నిల్వ చూసుకోవడానికి. డబ్బు రావడానికి పిన్‌తో పని లేదు.

కంప్యూటర్ మీద ఇదే నాటకం ఇంకో వేషంలో వస్తుంది. ఏదో పేజీ చూస్తుండగా తెర అంతా ఎర్రబడి, సైరన్ మోగి, "మీ కంప్యూటర్‌కు వైరస్ సోకింది, వెంటనే ఈ నంబరుకు ఫోన్ చేయండి" అని కనిపిస్తుంది. అది వైరస్ కాదు, తెర నిండా పరుచుకున్న వెబ్ పేజీ మాత్రమే. తమ హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఎప్పుడూ ఉండదని మైక్రోసాఫ్ట్ స్పష్టంగా చెబుతోంది. ఎస్కేప్ మీట కాసేపు నొక్కిపట్టి బ్రౌజర్ మూసేయండి. వినకపోతే పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేయండి. దీన్ని చూసినప్పుడల్లా నాకు సిగ్గుగా కూడా ఉంటుంది. విదేశాల్లోని వృద్ధులను ఇలా భయపెట్టి డబ్బు గుంజిన కాల్ సెంటర్లు మన దేశంలోనే నడిచాయి. 2022లో సీబీఐ 'ఆపరేషన్ చక్ర' పేరుతో దాడులు చేసింది ఇలాంటి ముఠాల మీదే.

మరి అసలు నంబరు ఎక్కడ దొరుకుతుంది? కంపెనీ ఇచ్చిన బిల్లు మీద, ఏటీఎం కార్డు వెనక, మీ ఫోనులో ఇప్పటికే ఉన్న అసలు యాప్ లోపల. వీటిలో ఒకదాన్ని ఇవాళే ఫోనులో పేరుతో సేవ్ చేసుకోండి. నెట్ పోయి చిరాకులో ఉన్నప్పుడు వెతకకండి. బ్యాంకుల విషయంలో ఒక మంచి మార్పు వచ్చింది. వెబ్‌సైట్ల చిరునామాలను 2025 అక్టోబర్ 31 నాటికి 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్' కిందకు మార్చుకోవాలని రిజర్వ్ బ్యాంకు ఆదేశించింది. ఆ ముగింపు బ్యాంకులకు తప్ప ఎవరికీ ఇవ్వరు. చిరునామా పక్కన తాళం బొమ్మ ఉందని మాత్రం నమ్మకండి. మధ్యలో ఎవరూ చదవకుండా సమాచారం వెళ్తోందని చెప్పడమే ఆ తాళం పని. చేరేది దొంగకో దొరకో దానికి తెలియదు.

డబ్బు పోయిందని తెలిసిన వెంటనే చేయాల్సిన ఫోన్ సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి. ఇంట్లోవాళ్లు తిడతారని రాత్రంతా దాచిపెట్టేవాళ్లు చాలామంది ఉన్నారు, ఆ రాత్రే నష్టం. దొంగ మీ డబ్బును ఒక ఖాతాలో ఉంచడు. కమిషన్ ఆశకు తమ ఖాతాలు అద్దెకిచ్చిన వాళ్ల ఖాతాల గుండా వరసగా పంపి ఏదో ఏటీఎంలో తీసేసుకుంటాడు. తీసేలోపు ఫిర్యాదు చేరితే ఆ ఖాతాల్లో డబ్బును ఆపే వీలుంది. హాస్టళ్లలో ఉండే పిల్లలు కూడా ఈ మాట వినాలి: ఖాతా అద్దెకిస్తే మొదట పోలీసులు వచ్చేది మీ దగ్గరికే. బ్యాంకుకు కూడా అదే గంటలో చెప్పండి. 2017 జులైలో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన ఆదేశాల ప్రకారం, మీ తప్పు గానీ బ్యాంకు తప్పు గానీ లేకుండా డబ్బు పోతే, సమాచారం అందిన మూడు పనిదినాల్లో ఫిర్యాదు చేసినవారి మీద భారం పడదు. ఓటీపీ మీరే చెప్పి ఉంటే ఫిర్యాదు చేసేదాకా పోయింది మీ నష్టం, చేసిన తర్వాత పోయేది బ్యాంకు నష్టం. కాబట్టి తప్పు మీదైనా సరే, త్వరగా చెప్పడంలో లాభం ఉంది.

జాగ్రత్త అని జనానికి చెప్పడం చవక. ఫోన్ ఎత్తడానికి మనుషులను పెట్టుకోవడం ఖర్చు. అందుకే మొదటిది ధారాళంగా, రెండోది పిసినారితనంగా జరుగుతుంది. ఆపరేటర్ కోసం మీట నొక్కాక 90 సెకన్లలో మనిషి పలకాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ప్రమాణం పెట్టింది. మంచిదే. కానీ ఆ మీట మెనూ అడుగున ఎక్కడో దాక్కుని ఉంటే లెక్క మొదలయ్యేదే అక్కడికి చేరాక.

పాస్‌వర్డుల గురించి ఎక్కువ చెప్పను. మూడు నెలలకోసారి మార్చాలి, ఒక గుర్తు, ఒక అంకె ఉండాలి అనే పాత నియమాలను అమెరికా ప్రమాణాల సంస్థ కోసం 2003లో రాసిన బిల్ బర్, ఆ సలహాకు తానే చింతిస్తున్నానని 2017లో చెప్పారు. పొడుగ్గా ఉండాలి, ఒకచోట వాడింది ఇంకోచోట వాడకూడదు, అంతే. గుర్తుండకపోతే నోటుబుక్కులో రాసి బీరువాలో పెట్టండి. మీ బీరువా దాకా వచ్చే దొంగకు మీ ఈమెయిల్ అక్కర్లేదు. రూటర్‌కు కంపెనీ మొదట పెట్టిచ్చిన 'అడ్మిన్' పాస్‌వర్డు మాత్రం వచ్చిన కుర్రాడి చేతే మార్పించుకోండి. విండోస్ 10 వాడుతున్నవాళ్లకూ ఒక మాట. దానికి మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 ఎక్కని పాత కంప్యూటర్‌ను తూకానికి అమ్మనక్కర్లేదు, విండోస్ బదులు లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేస్తే ఇంకొన్నేళ్లు నడుస్తుంది. కొత్త అమ్మకం పోతుందని తెలిసీ చెబుతున్నాను.

చివరగా, తీగ బాగుకాకుండానే "మీ సమస్య పరిష్కరించాం" అని మెసేజ్ వస్తే ఏం చేయాలో చెప్పి ముగిస్తాను. ఫిర్యాదు చేసినప్పుడు డాకెట్ నంబరు ఇస్తారు. ఇవ్వకపోతే అడిగి తీసుకోండి, తేదీతో సహా క్యాలెండర్ మీదైనా రాసుకోండి. 2012 నాటి ట్రాయ్ నిబంధనల ప్రకారం ప్రతి టెలికాం కంపెనీలో ఫిర్యాదు విభాగం పైన అప్పీలు అధికారి ఉండాలి. 30 రోజుల్లోపు ఆ నంబరుతో అప్పీలు చేసుకోవచ్చు, రుసుము ఉండదు, 39 రోజుల్లో తేల్చాలి. ఇలాంటి అధికారి ఉన్నట్టు మా వినియోగదారుల్లో దాదాపు ఎవరికీ తెలియదు, కంపెనీలూ చాటుకోవు. వారి చిరునామా, ఫోన్ నంబరు కంపెనీ సొంత వెబ్‌సైట్లో ఉంటాయి. దయచేసి అక్కడే చూడండి. సెర్చ్‌లో వెతికారంటే, ఆ అప్పీలు అధికారి కూడా మొదటి రింగుకే ఎత్తుతాడు.

నమస్కారం.