ఎడిసన్‌లో ఊరెక్కడుంది?

శ్రోతలకు నమస్కారం.

మా నాన్న మొదటిసారి అమెరికా వచ్చినప్పుడు న్యూవర్క్ ఎయిర్‌పోర్ట్ నుంచి కారులో ఇంటికి తీసుకొస్తున్నాను. ఇళ్ళు, చెట్లు, గోడౌన్లు, పెట్రోల్ బంకులు, మళ్ళీ ఇళ్ళు. కిటికీలోంచి చూసి చూసి, "అమ్మాయ్, ఊరు ఇంకెంత దూరం?" అన్నారు. "ఊళ్ళోకి వచ్చి పది నిమిషాలైంది నాన్నా" అన్నాను. ఆయన నమ్మలేదు. బస్టాండు లేదు, సెంటర్ లేదు, నలుగురూ చేరే రచ్చబండ లేదు. లక్ష మంది ఉండే ఊరికి నడిబొడ్డు లేకపోవడమేమిటని వారం రోజులు అడుగుతూనే ఉన్నారు. ఆయనకు జవాబు చెప్పడానికే నేను న్యూజెర్సీలోని ఎడిసన్ టౌన్‌షిప్ చరిత్ర తిరగేయడం మొదలుపెట్టాను.

టౌన్‌షిప్ అంటే మనకు విశాఖలో ఉక్కునగరం లాంటి కాలనీ గుర్తొస్తుంది. న్యూజెర్సీలో ఆ మాటకు అర్థం వేరు. అది స్థానిక పరిపాలనలో ఒక రకం. కొన్ని పల్లెలు, వాటి పొలాలు, అడవి, చిత్తడి అన్నీ కలిపి ఒక హద్దు గీస్తే టౌన్‌షిప్. మన మండలాన్ని ఊహించుకుంటే కొంత దగ్గరగా ఉంటుంది. కాకపోతే దీనికి సొంత మేయరు, కౌన్సిల్, పోలీసులు ఉంటారు.

1870 మార్చిలో పిస్కాటవే, వుడ్‌బ్రిడ్జ్ టౌన్‌షిప్పుల నుంచి కొంత కొంత భూమి విడదీసి రారిటన్ టౌన్‌షిప్ అని కొత్తది ఏర్పాటు చేశారు. అదే నేటి ఎడిసన్. అందులో బాన్‌హామ్‌టౌన్, పిస్కాటవేటౌన్, స్టెల్టన్, ఓక్ ట్రీ, మెన్లో పార్క్ వంటి చిన్న చిన్న పల్లెలుండేవి. రైలు స్టేషన్, అంగళ్ళు ఉండి పట్నం పోకడలున్నది మెటచన్. ఆ మెటచన్ 1900లో వేరుపడింది. 1905లో హైలాండ్ పార్క్ కూడా విడిపోయింది. నాన్నకు జవాబు ఇక్కడే దొరికింది. సెంటర్ అనదగ్గ చోట్లు వేరు కాపురం పెట్టుకున్నాయి, మిగిలిన పల్లెలూ పొలాలూ ఒకే పేరు కింద ఉండిపోయాయి. మ్యాపు చూస్తే ఎడిసన్ అచ్చం గారెలా ఉంటుంది. మధ్యలో చిల్లు మెటచన్. 27వ నంబరు రోడ్డు మీద ఈశాన్యంగా వెళ్తే ఎడిసన్ వస్తుంది, తర్వాత మెటచన్, దాటగానే మళ్ళీ ఎడిసన్.

నేల సంగతి కూడా చెప్పాలి. దక్షిణాన రారిటన్ నది, దాని ఒడ్డున పల్లపు చిత్తడి నేలలు. మంచుయుగంలో ఉత్తరం నుంచి దిగివచ్చిన మహా హిమానీనదం దాదాపు ఈ చుట్టుపక్కలే ఆగింది. అది తోసుకొచ్చిన రాళ్ళూ మట్టీ గుట్టలుగా మిగిలాయి. ఆ గట్టు పెర్త్ ఆంబాయ్ నుంచి ఎడిసన్, మెటచన్ మీదుగా సాగుతుంది. కొన్నిచోట్ల తవ్వితే ఇనుము కలిసిన ఎర్రమట్టి బయటపడుతుంది. మా పెరట్లో గోంగూర మడి కోసం తవ్వినప్పుడు నాన్న గుప్పెడు మట్టి తీసి నలిపి చూసి, "ఇది మన చెలక నేలలా ఉందే" అన్నారు. ఆయన ముఖంలో అంత సంతోషం ఆ ప్రయాణంలో అదే మొదటిసారి చూశాను.

ఇక ఊరికి పేరిచ్చిన మనిషి. 1870లలో మెన్లో పార్క్‌లో ప్లాట్లు వేసి ఇళ్ళు అమ్ముదామనుకున్నారు, వెంచర్ సాగలేదు. స్థలం చవగ్గా దొరికింది. 1876లో థామస్ ఎడిసన్ అక్కడ వంద అడుగుల పొడవున రెండంతస్తుల చెక్క ప్రయోగశాల కట్టించాడు. మరుసటి ఏడాదే ఫోనోగ్రాఫ్ పుట్టింది. మనిషి మాటను పట్టి ఉంచి, అదే గొంతుతో తిరిగి వినిపించడం మొదట సాధ్యమైంది అక్కడే. రికార్డయిన గొంతు ఇలా రేడియోలో మీకు చేరుతున్నప్పుడల్లా నాకు ఆ చెక్క భవనం గుర్తొస్తుంది. 1879లో చాలా గంటల పాటు వెలిగే బల్బు తయారైంది. ఆ డిసెంబర్ 31 రాత్రి క్రిస్టీ వీధిలో దీపాలు వెలిగిస్తే చూడటానికి జనం రైళ్ళలో తరలివచ్చారు. 1887 నాటికి ఎడిసన్ వెస్ట్ ఆరెంజ్‌లో పెద్ద ప్రయోగశాల కట్టుకున్నాడు, మెన్లో పార్క్ పాడుబడింది. 1929లో హెన్రీ ఫోర్డ్ ఆ ప్రయోగశాలను మిషిగన్‌లో మళ్ళీ నిలబెట్టినప్పుడు, పాత స్థలంలోని ఎర్రమట్టిని కూడా రైలు పెట్టెల్లో తీసుకెళ్ళాడు. ఇప్పుడక్కడ దాదాపు 130 అడుగుల స్మారక స్తంభం, పైన పెద్ద గాజు బల్బు, పక్కనే చిన్న మ్యూజియం ఉన్నాయి.

ఎడిసన్ అనే పేరు మాత్రం ఆయన పోయాక చాలా కాలానికి వచ్చింది. మన దగ్గర ఎక్కడికెళ్ళినా ఒక కొత్తపల్లి తగిలినట్టు, న్యూజెర్సీలో రారిటన్ పేరుతో వేరే ఊళ్ళు కూడా ఉండేవి. 1954 నవంబర్‌లో పేరు మార్చారు.

అప్పటికే ఊరి ముఖం మారుతోంది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో, 1917లో, నది ఒడ్డున రారిటన్ ఆర్సెనల్ అనే ఆయుధ డిపో పెట్టారు. 1942లో దగ్గర్లో కిల్మర్ క్యాంపు వచ్చింది. యూరప్ యుద్ధానికి వెళ్ళే సైనికులను ఓడ ఎక్కించే ముందు అక్కడ ఉంచేవారు. 1956లో హంగేరీ నుంచి పారిపోయి వచ్చిన వేలాది కాందిశీకులు ఆ క్యాంపులోనే దిగారు. ఆర్సెనల్ 1963లో మూతపడింది. ఆ స్థలంలో ఇప్పుడు పెద్ద పెద్ద గోడౌన్లు, ఒక కాలేజీ ఉన్నాయి. భూమిలో మిగిలిపోయిన మందుగుండును వెతికి శుభ్రం చేసే పని మాత్రం దశాబ్దాల పాటు సాగింది. 1948లో ఫోర్డ్ కంపెనీ ఒకటో నంబరు రోడ్డు మీద కార్ల ఫ్యాక్టరీ తెరిచింది. మస్టాంగ్ కార్లు అక్కడ తయారయ్యేవి. 2004లో దాన్నీ మూసేశారు.

1951లో న్యూజెర్సీ టర్న్‌పైక్ అనే టోల్ హైవే వచ్చింది. ఆ తర్వాత పొలాలు నిలవలేదు. 1950లో 16,348 మంది ఉంటే పదేళ్ళకు 44,799 మంది అయ్యారు. 2020 లెక్కల్లో 1,07,588. న్యూయార్క్‌కు రైలుంది, చుట్టూ హైవేలున్నాయి, ఇల్లు కొంటే పిల్లలకు స్కూలు దొరుకుతుంది. మన భారతీయులు వచ్చిందీ అందుకే.

మొదట వచ్చినవాళ్ళలో గుజరాతీలు ఎక్కువ. పక్కనున్న ఐసెలిన్ నుంచి ఎడిసన్‌లోకి సాగే ఓక్ ట్రీ రోడ్డు మీద ఖాళీగా పడి ఉన్న దుకాణాలను తీసుకుని బట్టలు, నగలు, మిఠాయిలు అమ్మడం మొదలుపెట్టారు. అంతా సాఫీగా జరగలేదు. నవరాత్రి ఉత్సవాలు రాత్రి ఎంతసేపు జరుపుకోవచ్చన్న తగాదా 1990లలో కోర్టు దాకా వెళ్ళింది. ఐటీ ఉద్యోగాలతో తెలుగువాళ్ళం పెద్ద సంఖ్యలో చేరింది ఆ తర్వాతే. ముందు వచ్చినవాళ్ళు పడిన కష్టం మీద మనం నడుస్తున్నామని నేను గట్టిగా నమ్ముతాను. 2010 నాటికి ఎడిసన్‌లో నూటికి 28 మంది భారతీయ మూలాలవాళ్ళే. 2022లో శామ్ జోషి మేయరయ్యారు, భారతీయ మూలాలున్నవారికి ఇక్కడ ఆ పదవి దక్కడం అదే మొదలు.

నాన్న తిరుగు ప్రయాణానికి ముందు ఆదివారం ఓక్ ట్రీ రోడ్డుకు వెళ్ళాం. పార్కింగ్ దొరక్క మూడు చుట్లు తిరిగాం. ఆయన కరివేపాకు కట్ట, రెండు కొబ్బరికాయలు, తెలుగులో పలకరించిన ఒక పెద్దాయన ఫోన్ నంబరు తీసుకుని బయటికొచ్చారు. అదే రోడ్డు పట్టుకుని పడమటికి వెళ్తే ఒక చెరువు ఉంది. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో, 1777 జూన్ 26న, కొండల మీదున్న వాషింగ్టన్ సేనను కిందికి రప్పించాలని బ్రిటిష్ జనరల్ హౌ చూసినప్పుడు ఇక్కడ పోరాటం జరిగింది. అమెరికన్ల వైపున్న లార్డ్ స్టెర్లింగ్ దళం అడ్డుపడింది, ఆలోపు వాషింగ్టన్ తన సేనతో తిరిగి కొండలెక్కేశాడు.

కారు ఆపితే నాన్న దిగారు. బోర్డు ముందు నిలబడి, కొబ్బరికాయల సంచీ చేతిలోనే పట్టుకుని, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ పైకి చదివారు. చదవడం అయ్యాక చెరువు చుట్టూ ఒకసారి చూసి, "ఇంత పాత ఊరని మొదటిరోజే చెప్పొద్దూ!" అన్నారు.