అపురూపమైన కారును ఇతరులు నడుపుతామని అడిగినప్పుడు: ఫోన్-ఇన్ కార్యక్రమం

నిర్వాహకురాలు: నమస్కారం. మన కారును బంధువులు, స్నేహితులు నడుపుతామని అడిగినప్పుడు తలెత్తే సందేహాలకు విశ్రాంత మోటారు వాహనాల తనిఖీ అధికారి ఈ పూట సమాధానాలు చెబుతారు. మొదటి శ్రోత హనుమకొండ నుంచి మాట్లాడుతున్నారు.

శ్రోత (హనుమకొండ): సార్, మా పక్కింటి అబ్బాయికి పదిహేడేళ్లు. మా కొత్త కారును కాలనీలోనే ఒక్క చుట్టు తిప్పి తెస్తానని రోజూ అడుగుతున్నాడు. ఇవ్వవచ్చా?

నిపుణుడు: ఇవ్వకూడదండి. మైనరు నడుపుతూ పట్టుబడితే, మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణలో వచ్చిన 199ఎ సెక్షను కింద సంరక్షకులకు గానీ యజమానికి గానీ 3 సంవత్సరాల వరకు జైలుశిక్ష, 25,000 రూపాయల జరిమానా పడతాయి. బండి రిజిస్ట్రేషను 12 నెలలు రద్దవుతుంది, ఆ అబ్బాయికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. కాలనీ రోడ్డు కూడా జనం తిరిగే రోడ్డే. లైసెన్సు కళ్లారా చూడకుండా ఎవరికీ తాళం ఇవ్వకండి.

నిర్వాహకురాలు: ధన్యవాదాలు. రాజమహేంద్రవరం శ్రోత, చెప్పండి.

శ్రోత (రాజమహేంద్రవరం): నమస్కారమండి. మా నాన్నగారు 1987లో కొన్న ప్రీమియర్ పద్మిని కారు మా ఇంట్లో ఉందండి. 2022లో రిజిస్ట్రేషను గడువు కూడా ఆయనే దగ్గరుండి పొడిగింపజేశారు. ఆయన పోయి రెండేళ్లయింది. ప్రతి ఆదివారం నేనే తుడిచి, చోక్ లాగి స్టార్టు చేసి, గోదావరి గట్టు దాకా వెళ్లి వస్తాను. వచ్చే నెల మా బావగారి తమ్ముడి పెళ్లి. పెళ్లికొడుకును ఆ కారులోనే ఊరేగిస్తామనీ, బావగారే నడుపుతారనీ అక్కయ్య అడిగింది. దానికి గేరు స్టీరింగు పక్కన ఉంటుందండి, బావగారికి ఆ అలవాటు లేదు. కాదంటే, నాన్న కారు మీద నాకు హక్కు లేదా అంటుందేమోనని భయంగా ఉంది. బావగారికి ఏమని చెప్పమంటారు?

నిపుణుడు: ఆయనకు లైసెన్సు ఉందా?

శ్రోత: ఉందండి, చూశాను. అయినా ఏమని చెప్పమంటారు?

నిపుణుడు: చెబుతాను, ఆగండి. ఆర్‌సీ ఇప్పుడు ఎవరి పేరున ఉంది?

శ్రోత: నాన్నగారి పేరునే ఉందండి. మార్పించడానికి మనసొప్పలేదు. బీమా కూడా ఏటా ఆ పేరుతోనే కడుతున్నాను.

నిపుణుడు: మీ బాధ నాకు అర్థమైంది. కానీ బావగారి మాట తరువాత, ముందు ఈ సంగతి చూడాలి. యజమాని మరణిస్తే వారసుడు 30 రోజుల్లో రవాణా కార్యాలయానికి తెలియజేయాలి, మూడు నెలల్లో ఫారం 31 ద్వారా పేరు మార్పుకు దరఖాస్తు చేయాలి. సాధారణంగా, యజమాని అనుమతితో లైసెన్సు ఉన్నవారు నడిపినప్పుడు ప్రమాదం జరిగినా బీమా వర్తిస్తుంది. మీ కారుకు అనుమతి ఇచ్చే యజమానే కాగితం మీద జీవించి లేరు, పాలసీ కూడా ఆయన పేరునే ఉంది. రేపు ఎవరికైనా దెబ్బ తగిలితే బీమా సంస్థ ఆ మెలికే పట్టుకుంటుంది. కాబట్టి పేరు మారేదాకా బావగారే కాదు, మీరు కూడా ఆ కారును రోడ్డెక్కించకండి.

శ్రోత: నేను కూడానా అండి?

నిపుణుడు: మీరు కూడా. పేరు మార్పుకు మీ అక్కగారి అంగీకారపత్రం కావాలి, ఆమె కూడా వారసురాలే కదా. హక్కు లేదా అని ఆమె అడుగుతుందని భయపడుతున్నారు గానీ, ఆ హక్కు నిజంగానే ఉంది. ఈ వారమే వాళ్లింటికి వెళ్లి, కాగితాలు ముందు పెట్టి, సంతకం అడగండి.

శ్రోత: అలాగేనండి. మరి బావగారికి...

నిపుణుడు: కారు ఇవ్వనని చెప్పవద్దు. పెళ్లినాటికి కాగితాలు పూర్తయితే పెళ్లికొడుకును నేనే స్వయంగా తీసుకొస్తానని చెప్పండి. బావమరిది సారథ్యం వహిస్తే వాళ్లకూ గౌరవమే. కాగితాలు పూర్తికాకపోతే ఆ సంగతి దాచకుండా చెప్పి, వేరే కారు మాట్లాడిపెట్టండి. పేరు మారాక ఒకవేళ ఇవ్వదలచుకుంటే, ముందుగా నాలుగు ఆదివారాలు ఆయనను పక్కన కూర్చోబెట్టుకుని ఆ గేరు అలవాటు చేయండి. పెళ్లినాడు జనం మధ్యలో నేర్చుకునే గేరు కాదది.

శ్రోత: చాలా సంతోషమండి. సంతకం అక్కయ్య పెడుతుందంటారా?

నిపుణుడు: అడగండి, నాన్నగారి కారు కదా, పెడుతుంది.

నిర్వాహకురాలు: ఖమ్మం శ్రోత, క్లుప్తంగా అడగండి.

శ్రోత (ఖమ్మం): సార్, మా స్నేహితుడు నా కారులో తెలిసినవాళ్లను తిరుపతి తీసుకెళతాడట, వాళ్లు డీజిలుతో పాటు కొంత డబ్బు కూడా ఇస్తారట.

నిపుణుడు: వద్దు. సొంత వాడకపు బండిని కిరాయికి తిప్పితే పాలసీ షరతు తప్పినట్టే. ప్రమాదం జరిగితే మీ కారు నష్టం మీరే భరించుకోవాలి. అతని లైసెన్సు చూశారా?

శ్రోత: లేదు సార్, చిన్ననాటి స్నేహితుడు కదా...

నిపుణుడు: అదే కదండీ మొదటినుంచీ చెబుతున్నాను! లైసెన్సు లేనివారికి బండి ఇస్తే యజమానికి కూడా 5,000 రూపాయల జరిమానా గానీ, మూడు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు.

నిర్వాహకురాలు: సమయం ముగిసింది. కర్నూలు శ్రోత మన్నించాలి. ధన్యవాదాలు సార్, నమస్కారం.